గోడ మీద చలిబిళ్ళల కేసు

భరణి కార్తె, మూడో రోజు

జరిగింది జరిగినట్టు రోజూ రాసి ఉంచమని వ్యాపారుల కుమ్మక్కులు పట్టుకునే పోటీ కచేరీ ఆఫీసరమ్మ చెప్పింది. ఫిర్యాదు పెట్టినవాడి చేతిరాత ఉంటేనే కేసు నిలబడుతుందట. తొమ్మిదో తరగతి నేను రెండుసార్లు చదివాను కనుక, ఒక్కసారే చదివి పైకి పోయినవాళ్ళకంటే నాకే గట్టిగా వచ్చని చెప్పి ఒప్పుకున్నాను.

నా పేరు గవర్రాజు. వయసు యాభై రెండు. సముద్రానికి అడ్డంగా కట్టిన గోడ మీద, పంపుహౌసు మెట్ల దగ్గర బల్ల వేసుకుని చలిబిళ్ళలు నింపుతాను.

ఈ పొద్దున మా అప్ప నూకాలు వచ్చి తన చలిచొక్కా బల్ల మీద విసిరికొట్టింది. తోడబుట్టింది గనక ఆవిడకు ఆ హక్కుంది.

"ఏటి పోసినావురా నిన్న? పన్నెండుకి ఏసుకుంటే ఒంటిగంటకే ఎచ్చబడిపోనాది. నీ సరసాలు గాని నింపినావా ఇందులో?"

"నా సరసాలైతే సాయంత్రం దాకా ఉండును అప్పా. బిళ్ళ మూత అరిగిపోనాది."

"మూతి అరిగిపోవాల్సింది నీకు. బేగి నింపు."

చొక్కా వీపులో అరచేయంత బిళ్ళ ఉంటుంది. అది చల్లగా ఉన్నంతసేపే మధ్యాహ్నం ఉప్పు మడుల్లో మనిషి నిలబడగలడు. పొద్దుటి ఎండకి గాని మడిలో ఉప్పు పేరదు, మూడింటికి మళ్ళీ నీళ్ళు వదిలేస్తారు, ఆ మధ్యలోనే గీకాలి. ఎండ తగ్గాక దిగుతామంటే గీకడానికి ఉప్పుండదు. పోయిన రోహిణిలో అప్ప పక్కమడి గౌరమ్మ బిళ్ళ కొనలేక ఉత్త చొక్కాతో దిగింది. గోడ మీదికి మోసుకొచ్చాం. లేవలేదు. ఈ ఏటి రోహిణికి ఇంకా ఇరవై అయిదు రోజులుంది.

కొత్త బిళ్ళలు అమ్మేది శిశిరం కంపెనీ. ఏడేళ్ళ కిందట కచేరీ వాళ్ళు పోటీ పుట్టించడానికని దాన్ని మూడు ముక్కలు చేశారు. తూర్పు శిశిరం, పడమటి శిశిరం, నవశిశిరం. పోటీ పుట్టిన మాట నిజమే, రేటు ఎవరు ముందు పెంచుతారా అని. గోడ పొడవునా దూరదూరంగా మూడు బిళ్ళపెట్టెలున్నాయి. అమ్మేదీ యంత్రాలే, రేటు మార్చేదీ యంత్రాలే. ఏ నిమిషంలో చూసినా మూడు బోర్డుల మీదా ఒకటే అంకె. ఒకడికి తుమ్మొస్తే ముగ్గురూ ముక్కు తుడుచుకుంటారు.

వాడేసిన బిళ్ళలో మళ్ళీ చలిమందు నింపేవాళ్ళం గోడ మీద ఆరుగురం ఉన్నాం. కొత్తదాని ధరలో మూడోవంతుకే నింపుతాం. కాని నింపిన బిళ్ళ నాలుగైదు సార్లకంటే రాదు. ఆ తర్వాత కొత్తది కొనాల్సిందే. అందుకే ఆ ముగ్గురి మీదా కచేరీలో ఫిర్యాదు పెట్టాను.

భరణి, తొమ్మిదో రోజు

ఆఫీసరమ్మ అమృతవల్లి ఇవాళ గోడెక్కింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. నా బల్ల నీడలో కూర్చుని అంబలి తాగింది, గ్లాసు తనే కడిగి పెట్టింది. మంచి పిల్ల. అదే నాకు చిరాకు. చెడ్డదైతే నాలుగు తిట్టుకుని ఊరుకుందును.

"ముగ్గురి రేటూ ఒకటే ఉండటం నేరం కాదు గవర్రాజు గారూ. ఒకే రేటు పెడదామని కుమ్మక్కు కావడం నేరం."

"ఏడేళ్ళ బట్టి ఒకటే అంకమ్మా. కుమ్మక్కు కాకపోతే మరేటి, కవలపిల్లలా?"

"రుజువు కావాలి కదండీ. వాళ్ళు మాట్లాడుకున్నట్టు ఒక ఉత్తరమో, ఒక సమావేశమో..."

"యంత్రాలు టీకొట్టుకాడ కూకుని మాటాడుకుంటాయేటమ్మా?"

ఆవిడ నవ్వలేదు. నవ్వించలేకపోయానంటే అది నాకు పెద్ద దెబ్బ.

భరణి, పన్నెండో రోజు

రుజువు కావాలంది కదా, చేసి చూపించాను.

బిళ్ళపెట్టె తన ముందు ఎన్ని చలిచొక్కాలు నిలబడ్డాయో లెక్కపెట్టి, రద్దీని బట్టి రేటు మారుస్తుంది. మనుషుల్ని చూడదు, చొక్కాల్నే చూస్తుంది. మేం ఆరుగురం మా బల్లల కింద పడున్న పాత చొక్కాలన్నీ పోగేస్తే నలభై తేలాయి. వాటిని వెదురుకర్రలకు తొడిగి, తలలకు కుండలు బోర్లించాం. బొగ్గుతో మీసాలు దిద్దాను. ఒకటి మాత్రం ఆడమనిషి, దానికి బొట్టు పెట్టాను. పొద్దున పదింటికి తూర్పు శిశిరం పెట్టె ముందు నలభై దిష్టిబొమ్మలూ వరుసలో నిలబడ్డాయి.

"ఖాతాదారులకు స్వాగతం," అంది పెట్టె. "రద్దీ ఎక్కువగా ఉంది. దయచేసి ఓపికతో సహకరించండి."

మా వాళ్ళు బ్రహ్మాండంగా సహకరించారు. ఒక్కడు కదిలితే ఒట్టు.

తూర్పు బోర్డు మీద రేటు టకామని సగానికి సగం పెరిగింది. అదే నిమిషంలో, మైలు దూరంలో పడమటి పెట్టె దగ్గర గడియారం పట్టుకుని ఒంటరిగా నిలబడ్డ ఆఫీసరమ్మ ముందు కూడా పెరిగింది. అక్కడ కాకి కూడా లేదు. నవశిశిరం దగ్గర మా పైడయ్యను కాపలా పెట్టాం. అక్కడా అంతే.

పైడయ్యది నా పక్క బల్ల. నాకంటే పదేళ్ళు పెద్ద. అక్షరం ముక్క రాదు గాని గోడ మీద అలాంటి చెయ్యి ఇంకొకటి లేదు. ముప్ఫై ఏళ్ళుగా నా వేళాకోళాలకు మొదటి బలి అతనే. పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఒరే గవిర్రాజూ, నిజంగానే పెరిగిందేటిరా? లేపోతే బోర్డుకి నువ్వేటైనా సేసినావా?"

"నిజంగానే పెరిగింది మావా."

"నా మీద ఒట్టెయ్యి."

వేశాను. అయినా నమ్మక ఆఫీసరమ్మను అడిగొచ్చాడు.

కృత్తిక కార్తె, రెండో రోజు

మొన్న కచేరీలో విచారణ జరిగింది. కంపెనీ వకీలు లేచి, "తూర్పు పెట్టె బోర్డు బహిరంగంగా ఉన్నదే. అది చూసి మిగతావారు పెంచుకున్నారు. చూడటం కూడా నేరమేనా?" అన్నాడు. కచేరీ పెద్దలు తలలూపారు. ఆ తలలకంటే నా కుండలు నయం.

ఆఫీసరమ్మ గట్టి మనిషే. తూర్పు పెట్టె తన రేటు ఎవరికీ తెలపకూడదని ఒక్కరోజుకు ఉత్తర్వు తెచ్చింది. నిన్న బోర్డు మీద నేనే గోనె కప్పాను. దిష్టిబొమ్మల్ని మళ్ళీ నిలబెట్టాను. చూడటానికి ఏమీ లేదు, వినడానికి ఏమీ లేదు. అయినా మూడు పెట్టెలూ ఒకే నిమిషంలో పెంచాయి.

ఈసారి ఆవిడ నవ్వింది. చెప్పకుండా వెళ్ళి మూడు కంపెనీల ఆఫీసుల్లో సోదా చేస్తే తేలిందేమంటే, ముగ్గురూ తమ పెట్టెల్లో రేట్లు కట్టే యంత్రబుర్రను ఒకే వ్యాపారి దగ్గర అద్దెకు తీసుకున్నారు. ఒకే బుర్ర, మూడు తలకాయలు.

గెలిచామనుకున్నాను. తీర్పు ఎప్పుడని అడిగితే ఆరుద్ర కార్తెలో అన్నారు. రోహిణిలో మడుల్లోకి దిగేవాళ్ళకి ఆరుద్రలో తీర్పు! వానలు వెలిశాక గొడుగు ఇచ్చినట్టు, ఎండలు పోయాక చలిచొక్కా.

"ఈలోగా కంపెనీ రేటు దించమని మధ్యంతర ఉత్తర్వు అడుగుతాను," అంది ఆఫీసరమ్మ. "నింపిన బిళ్ళలకు మీరంతా న్యాయమైన ధరే తీసుకుంటున్నారని చూపించగలరా? ఎన్నాళ్ళనుంచో ఆధారాలేమైనా ఉన్నాయా?"

ఉన్నాయా అంటుందేమిటి! బళ్ళు కట్టించాలన్నాను.

కృత్తిక, అయిదో రోజు

ఈ రోజు గురించి రాయడానికి చెయ్యి రావడం లేదు. రాస్తున్నాను.

పదకొండేళ్ళ కిందట మా ఆరుగురికీ బేరాల దగ్గర పడేది కాదు. ఒకరి గిరాకీని ఒకరు లాక్కునేవాళ్ళం, రెంచీలు పట్టుకుని కొట్టుకునేవాళ్ళం. అప్పుడు మా అప్ప ఆడవాళ్ళందర్నీ వెంటేసుకొచ్చి, "తన్నుకు సావకండ్రా. అందరూ ఒక రేటనుకోండి, వంతులేసుకోండి. ఆ మాట దాటినోడి బల్లకి మేం ఒక్కరం రాం," అంది. అప్పట్నుంచీ ప్రతి సోమవారం పైడయ్య బల్ల దగ్గర టీ తాగి, ఆ వారం రేటు ఒక పెంకు మీద రాసి, కింద వంతుల వరస వేసి, ఆరుగురం వేలిముద్రలు వేస్తాం. పాత పెంకు ఒక్కటీ పారెయ్యలేదు.

అవి అయిదువందల డెబ్బై చిల్లర తేలాయి. తుడిచి, మూలలకి పసుపు రాసి, రెండు బళ్ళ మీద వేసుకుని ఆరుగురం ఉతికిన చొక్కాలతో కచేరీకి ఊరేగింపుగా వెళ్ళాం. పైడయ్య తలపాగా కూడా చుట్టాడు.

ఆఫీసరమ్మ ఒక పెంకు తీసి చూసింది. ఇంకొకటి చూసింది.

"ఈ ఆరు వేలిముద్రలూ ఎవరివండీ?"

"మాయేనమ్మా!" అన్నాడు పైడయ్య గర్వంగా.

"రేటు... అందరూ కలిసి నిర్ణయించారా?"

"కలిసే అమ్మా. ఒక్క సోమారం తప్పితే అడగండి."

"ఈ వంతులేమిటి?"

అది చెప్పింది మాత్రం నేనే. నా నోరు పడిపోను. "ఏ గిరాకీ ఏ బల్లకెళ్ళాలో ముందే పంచేసుకుంటామమ్మా. ఎవడైనా వంతు దాటితే ఆ వారం టీ ఖర్చు ఆడిదే."

ఆవిడ ఆ పెంకుల గుట్ట మీదే కూలబడింది.

"గవర్రాజు గారూ, దయచేసి ఇంకేం చెప్పకండి."

"ఏటమ్మా, తక్కువైపోనాయా? ఇంటికాడ ఇంకో పది ఉన్నాయి, ఇరిగినవి."

కంపెనీ వకీలు వరండాలో నిలబడి అన్నీ వింటున్నాడు. దాహమైనవాడికి కొబ్బరిబొండం దొరికినట్టుంది అతని మొహం.

కృత్తిక, తొమ్మిదో రోజు

మా ఆరుగురికీ నోటీసులు వచ్చాయి. కలిసి రేటు కట్టడం, గిరాకీ పంచుకోవడం. కుమ్మక్కు.

కంపెనీ కేసు ఆరుద్రకి. మా కేసు అయిదు రోజుల్లో. ఎందుకని గోల పెట్టాను. "కంపెనీ కేసులో యంత్రాలు ఏమనుకున్నాయో నిపుణులు తేల్చాలి. మీ కేసులో తేల్చడానికేమీ లేదు. రుజువు రెండు బళ్ళ నిండా ఉంది," అన్నాడు గుమాస్తా. అడిగిన మధ్యంతర ఉత్తర్వు కూడా పోయింది. నేరస్థుల రేటును న్యాయమైన రేటని ఎలా చూపిస్తారట!

ఆఫీసరమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది. అంబలి పోస్తే తాగలేదు.

"మేం తక్కువకే నింపినాం కదమ్మా. ఎవరికి నష్టం?"

"తెలుసండీ. రేటు తక్కువైనా, ఎక్కువైనా, కలిసి కట్టకూడదని చట్టం. చూడనట్టు ఊరుకోమంటారా? చూశాను కదా." గ్లాసు నా వైపు జరిపి అంది, "ఒక దారి ఉంది. ఆరుగురిలో ముందుగా వచ్చి ఒప్పుకుని, మొత్తం చెప్పినవాళ్ళకి శిక్ష ఉండదు. వాళ్ళ బల్ల ఉంటుంది. మిగతా అయిదుకీ ఏడాదిపాటు సీలు. ఈ మాట ఆరుగురికీ చెప్పాలని రూలు, అందుకే చెప్తున్నాను. ఇవాళ్టినుంచి మీరు ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు."

యంత్రాలు మాట్లాడుకోకుండా కుమ్మక్కైతే దారి లేదు. మేం మాట్లాడుకుంటే దారి ఉంది, ఒకడు మిగతా అయిదుగురి మెడ కొయ్యడం. ఎవడు కనిపెట్టాడో గాని నాకంటే పెద్ద కొంటెవాడు.

కృత్తిక, పదకొండో రోజు

ఎవరూ వెళ్ళకపోతే రోహిణి గడిచేదాకానైనా లాగవచ్చు, విచారణ వాయిదాలు అడగొచ్చు అని నా ఆలోచన. కాని చెప్పడమెలా? పక్క బల్ల పైడయ్యతో కళ్ళు కలిపినా నేరమే. అప్పను పంపాను. "గవిర్రాజు ఎల్లడంట, మీరూ ఎల్లొద్దంట" అని ఆవిడ అయిదు బల్లలూ తిరిగింది.

తిరిగొచ్చి చొక్కా దులుపుకుంది.

"పైడయ్య ఏటన్నాడు?"

"పోయినేడు సముద్రం గోడ దాటేసిందని నువ్వు సెప్తే ఆడు గోసీతోటి పంపుహౌసు ఎక్కేసినాడంట. ఇప్పుడు నీ మాట నమ్మి బల్ల పోగొట్టుకోమంటావా అని అడిగినాడు."

"అది ఏళాకోళం అప్పా. ఇది నిజం."

"ఆడికెలా తెలుస్తాదిరా?" అంది అప్ప. కోపంగా కూడా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

మిగతా నలుగురి జవాబూ అదే. గవర్రాజు వెళ్ళనన్నాడంటే రేపు పొద్దున్నే వెళ్తాడని లెక్క కట్టుకున్నారు.

కృత్తిక, పన్నెండో రోజు

కచేరీ తలుపులు తెరిచేసరికి మెట్ల మీద పైడయ్య టిఫిను డబ్బాతో కూర్చుని ఉన్నాడు. ఎదుటి సందులో మిగతా నలుగురూ తలో బండి దగ్గర ఆకుకూరలు బేరమాడుతున్నారు. ఒకడి చేతిలో తోటకూర కట్టలు ఏడు. నేనక్కడ ఏం చేస్తున్నానంటే, నేనూ ఆకుకూరలే.

పైడయ్య లోపలికి వెళ్ళాడు. నలుగురూ కూరలు అక్కడే వదిలేసి ఇంటిదారి పట్టారు.

కృత్తిక, పద్నాలుగో రోజు

అయిదు బల్లలకీ సీలు వేశారు. సీలు వేసిన జవాను నా దగ్గర నింపించుకునేవాడే. "ఇయాల్టి బిళ్ళ ఎక్కడ నింపించుకోవాల బావూ?" అని నన్నే అడిగాడు.

ఈ రోజువారీ రాత ఆపమని ఎవరూ చెప్పలేదు. కంపెనీ మీద నేను పెట్టిన కేసు ఇంకా ఉందిగా. రాస్తున్నాను.

రోహిణి కార్తె, మొదటి రోజు

గోడ రాళ్ళ మీద చెయ్యి ఆనడం లేదు. పైడయ్య బల్ల ముందు రెండు వందల మంది. పదింటికి ముప్ఫై బిళ్ళలు నింపాడు. ఒక్కడివల్ల అయ్యే పని కాదు. మూడు బిళ్ళపెట్టెల మీదా రేటు ఎన్నడూ చూడనంత ఎత్తుకు వెళ్ళి కూర్చుంది. గోడ మీద ఒక్క బల్లే మిగిలిందని వాటికెవరు చెప్పారో!

గోడ మీద అందరి ముందూ పైడయ్యని తిట్టడానికి పోగయ్యాం మేం అయిదుగురం. అప్ప మమ్మల్ని పక్కకి నెట్టి, పరిస్థితి చూడటానికి వచ్చిన ఆఫీసరమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఒక్క మాటమ్మా. పైడయ్య బల్లకి సీలు లేదు కదా. ఆడు కూలోళ్ళని ఎట్టుకోవచ్చునా?"

"పెట్టుకోవచ్చు."

"ఈ అయిదుగురిని?"

ఆవిడ సంచిలోంచి పుస్తకం తీసింది. మూడుసార్లు చదివింది. తలెత్తేసరికి మొహం ఎర్రబడింది. "పెట్టుకోవచ్చు. ఒకే సంస్థలో పనిచేసేవాళ్ళ మధ్య కుమ్మక్కు అనేది ఉండదు. యజమాని ఏ రేటు చెప్తే అదే."

"ఆరుగురు ఒక మాట అనుకుంటే నేరం," అన్నాను నేను. "ఆరుగురికీ ఒకడే యజమానైతే నేరం లేదు. అంతేనా అమ్మా?"

"అంతేనండి," అంది. నా వైపు చూడలేదు.

పైడయ్య చేతిలో నింపే గొట్టం కిందపెట్టి నన్ను చూశాడు. నేను బూతులు వెతుక్కుంటున్నాను. మంచివి ఏడెనిమిది సిద్ధం చేసుకున్నాను కూడా.

"కూకోరా," అన్నాడు. "మూతలు నువ్వే బాగా బిగిస్తావు."

కూర్చున్నాను. మిగతా నలుగురూ కూర్చున్నారు. మూడింటికి మడుల్లోకి నీళ్ళు వదిలేలోగా నూట ఎనభై ఆరు నింపాం. అప్ప బిళ్ళ నేనే నింపాను. పోటీని కాపాడటానికి పుట్టిన కచేరీ పుణ్యమా అని గోడ మీద ఇప్పుడు పోటీ అనేదే లేదు. రేటు పాతదే. పైడయ్య అలా అన్నాడు కాబట్టి పాతదే. రేపు ఇంకోలా అంటే ఇంకోలా. అడగడానికి నేనెవణ్ణి, కూలివాణ్ణి.

రోహిణి, రెండో రోజు

పన్నెండు గంటలకు, వరుస గోడ మలుపు దాటి ఉండగా, నవశిశిరం మనిషి ఒకడు బూట్లతో వచ్చి పైడయ్యకు కవరు ఇచ్చి పోయాడు. పైడయ్య దాన్ని తిరగేసి మరగేసి నా చేతిలో పెట్టాడు.

"సదువు. ఉన్నదున్నట్టు సదువు."

చదివాను. ముందు నాకోసం, తర్వాత అతనికోసం. బల్లనీ, గోడ మీద బిళ్ళలు నింపే హక్కునీ కంపెనీ కొనుక్కుంటుందట. పైడయ్య జన్మంతా కష్టపడినా చూడని మొత్తం ఇస్తుంది. అతని ఇంట్లో ఎంతమంది ఉంటే అందరికీ, బతికినన్నాళ్ళూ, రోజుకో కొత్త బిళ్ళ ఉచితం. సంతకం పెట్టిన రోజునుంచి ఇక్కడ నింపడం ఆపెయ్యాలి. పదిరోజుల్లో ఒప్పుకోకపోతే ఈ బేరం రద్దు.

ఆరు బల్లలున్నప్పుడు ఇలాంటి కవరు ఒక్కటీ రాలేదు. ఆరింటిని కొనడం కష్టం. ఒక్కదాన్ని కొనడానికి ఒక్క కవరు చాలు. కచేరీ వాళ్ళు మాకు సీలు వేసి కంపెనీకి బేరం తేలిక చేసి పెట్టారు.

ఉత్తరంలో ఏదైనా మార్చి చదువుదామని నాలుక చివరిదాకా వచ్చింది. బల్ల లాక్కుంటామని బెదిరించారని చెప్తే ఇతను రోషంతో చింపేసేవాడు. మార్చలేదు. అతని కోడలు మడుల్లో పనిచేస్తుంది. ఇద్దరు మనవలున్నారు. ఆ ఉచిత బిళ్ళల మాట రెండోసారి కూడా చదవమన్నాడు, చదివాను.

వరుసలో ముందు అప్పే ఉంది. అన్నీ విన్నది. చొక్కా ఎప్పట్లా బల్ల మీద విసరకుండా చేత్తోనే పట్టుకుని నిలబడింది.

పైడయ్య కవరు మడిచి తలపాగాలో దోపుకున్నాడు.

"కార్తె ఎల్లిపోనీ, సూద్దాం."

"మావా, కార్తె పోవాలంటే ఇంకా పన్నెండు రోజులుంది. దీనికి గడువు పదిరోజులే. సరిగ్గా ఇన్నావా? పదే."

"ఇన్నాన్లేరా," అని అప్ప చేతిలోంచి చొక్కా అందుకున్నాడు. "మూత ఇలాగియ్యి."